బ్రిడ్జి కింద నల్ల రబ్బరు బిళ్ళ

నెల్లూరు నుంచి ఒంగోలు పోయే హైవే మీద ఎన్ని బ్రిడ్జిలు దాటతామో గానీ వాటి కిందకి దిగి చూసేవాళ్ళు తక్కువ. కాంక్రీట్ గర్డర్లు, అంటే రోడ్డుని మోసే పొడవాటి దూలాలు, వేసిన బ్రిడ్జి అయితే గర్డరుకీ స్తంభానికీ మధ్య సందులో చూడండి, చాలావాటికి నల్లటి రబ్బరు బిళ్ళ ఉంటుంది, బేరింగ్ అంటారు. పక్కనుంచి దగ్గరగా చూస్తే అది సాపుగా ఉండదు, వరసలు వరసలుగా సన్నగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుల మధ్య నొక్కుల దగ్గర లోపల స్టీల్ రేకులు ఉన్నట్టు.

అంత బరువు కింద రబ్బరు ఎందుకు నలిగిపోదు? ఏందంటే, రబ్బరు ఆకారం మార్చడం ఎంత తేలికో దాని పరిమాణం తగ్గించడం అంత కష్టం. పెన్సిలు రబ్బరుని వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే పక్కలకి ఉబ్బుతుంది, లోపలికి మాత్రం కుంచించుకుపోదు. మరి ఆ ఉబ్బడానికే దారి లేకుండా చేస్తే? అందుకే పల్చటి రబ్బరు పొరల మధ్య స్టీల్ రేకులు పెట్టి, వేడిలో వల్కనైజ్ చేసి, అంటే రబ్బరుని గట్టిపరిచి, రెండూ ఊడకుండా అతికిస్తారు, ఇక రబ్బరు పక్కకి పోదామన్నా రేకు పోనివ్వదు. 300 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. పొడవు, 50 మి.మీ. మందం ఉన్న రబ్బరునే ఐదు పొరలుగా చేసి రేకులు పెడితే పైనుంచి నొక్కే బరువుకి సుమారు 15-20 రెట్లు గట్టిపడుతుంది, రబ్బరు అదే, మందం అదే!

నాకు అన్నిటికంటే నచ్చేది ఇక్కడే. పక్కకి తోస్తే మాత్రం ఆ బిళ్ళ ఎప్పట్లాగే మెత్తగా వంగుతుంది, ఎందుకంటే దానికి మొత్తం రబ్బరు మందమే లెక్క, రేకులు అడ్డం రావు. మన ఎండలకి ఈ మెత్తదనం కావాల్సిందే, 40 మీటర్ల కాంక్రీట్ గర్డరు 25 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 12 మి.మీ. సాగుతుంది, కదలనివ్వకపోతే ఆ బలమంతా స్తంభం మీద పడుతుంది.

ఈ రేకుల ఐడియాకి ఫ్రాన్స్ ఇంజనీరు యూజీన్ ఫ్రెసినే 1954లో పేటెంట్ తీసుకున్నాడు. రేకులు లేకపోతే ఏమవుతుందో ఇప్పటి ఉత్తర మాసిడోనియా దేశంలోని స్కోప్యే నగరంలో తెలిసింది, 1963 భూకంపం తర్వాత 1969లో ఆడ ఒక స్కూలుని ఉత్త రబ్బరు దిమ్మెల మీద కట్టారు, బిల్డింగ్ బరువుకే అవి పక్కలకి ఉబ్బాయి. తర్వాత వచ్చిన పొరల బేరింగులు బరువు మోస్తూనే నేల ఊపుని పైకి పోకుండా చాలావరకు తగ్గిస్తాయి, 2001 భూకంపం తర్వాత భుజ్ ఆసుపత్రిని అట్లాంటివాటి మీదే కట్టారు. ఒంగోలుకీ 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది కాబట్టి, మన పెద్దాసుపత్రులు కట్టేటప్పుడు కూడా ఈ లెక్క ఒకసారి వేసి చూడాలని నా గట్టి అభిప్రాయం.

బ్రిడ్జిల కింద ఉన్నవాటినైనా కనిపెట్టుకుని ఉండాలి. రేకుల చుట్టూ ఉండే పైతొడుగు రబ్బరు చిట్లితే సముద్రపు ఉప్పుగాలి లోపలికి చేరి స్టీలు తుప్పు పడుతుంది, రేకు నుంచి రబ్బరు ఊడితే ఆ పొర మళ్ళీ ఉత్త రబ్బరే.