పగులు ఉందా, పెరుగుతోందా?

పాత ఉక్కు వంతెనల వెల్డింగుల దగ్గర చిన్న పగుళ్లు దొరకడం వింతేమీ కాదు. వాటిలో కొన్ని ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటాయి. కొన్ని ప్రతి లారీకీ కాస్త కాస్త పాకుతుంటాయి. ఇంజినీరుకు అసలు తలనొప్పి వీటిని విడదీయడమే. అల్ట్రాసౌండ్ పరీక్ష పగులు ఉందని చెబుతుంది. దానితో అది పెరుగుతోందో లేదో తేలాలంటే కొన్నాళ్లకు మళ్లీ వచ్చి కొలవాలి. ఆ సంగతిని అక్కడికక్కడే పట్టేందుకు విద్యుత్ రసాయన సెన్సర్ అనే పరికరం ఉంది.

లోహం తట్టుకోగలిగిన బరువే అయినా లక్షలసార్లు పడి లేస్తుంటే, లోపలి స్ఫటికాల్లో పొరలు జారి ఉపరితలం మీద సన్నని మెట్లు తేలతాయి. పగుళ్లకు పుట్టిల్లు అవేనని యూయింగ్, హంఫ్రీ అనే శాస్త్రవేత్తలు 1903లోనే సూక్ష్మదర్శినితో చూపించారు. దీన్నే లోహ అలసట అంటారు.

విద్యుత్ రసాయన సెన్సర్ పట్టుకునేది ఆ మెట్టు తేలే క్షణాన్నే. అనుమానమున్న చోట రంగు గీకి, ద్రావణం నింపిన చిన్న గదిలాంటి సెన్సర్‌ను అతికిస్తారు. అందులో ఒక ఎలక్ట్రోడు ఉంటుంది, రెండో ఎలక్ట్రోడు వంతెన లోహమే. స్థిరమైన వోల్టేజి పెట్టగానే లోహం మీద కొన్ని నానోమీటర్ల ఆక్సైడు పొర ఏర్పడి, కరెంటు బాగా తగ్గి నిలకడపడుతుంది. ఇప్పుడు పైన బండి వెళ్లిందనుకోండి. లోహం జారినచోట ఆ పొర చిరిగి, పచ్చి లోహం ద్రావణానికి తగులుతుంది. వెంటనే కొత్త పొర కట్టుకుంటుంది. అలా కట్టుకోవడానికి ఖర్చయ్యే కరెంటే మనకు సంకేతం. పుండు మీద పొక్కు కట్టే చప్పుడు వినడం లాంటిది ఇది.

అయితే పగులు లేని లోహం కూడా సాగినప్పుడు కొంత కరెంటు ఊగుతుంది. ఆ ఊపు బరువు లయనే అనుసరిస్తుంది. పెరిగే పగులు కొన దగ్గర మాత్రం లోహం తెరుచుకునేటప్పుడూ మూసుకునేటప్పుడూ నలుగుతుంది కాబట్టి, బరువు ఒకసారి పడి లేస్తే కరెంటు రెండుసార్లు ఊగుతుంది. అందుకే పక్కన పగులు లేని చోట ఇంకో సెన్సర్ పెట్టి, రెండు సంకేతాలనూ పోల్చి చూస్తారు. నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చింది ఈ తెలివే.

పరిమితులూ చిన్నవేమీ కావు. బరువు పడకపోతే సంకేతమే లేదు. అతికించిన చోటు తప్ప పక్క అంగుళం సంగతి దానికి తెలియదు. 1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. కారణం ఒక ఉక్కు కడ్డీ కన్నంలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతున్న పగులు. భాగాలు విప్పితే తప్ప చేయి కూడా దూరని చోటది. అక్కడ ఈ సెన్సర్ ఉన్నా ఉపయోగం ఉండేది కాదు.

బాగా అక్కరకొచ్చేది మరమ్మతు తర్వాత. పగులు ఆగడానికి దాని కొనలో గుండ్రటి రంధ్రం తొలుస్తారు. రంధ్రం అంచున సెన్సర్ అతికించి కొన్ని బండ్లు వెళ్లనిస్తే, పగులు నిజంగా ఆగిందో, అవతలి వైపు నుంచి మళ్లీ బయల్దేరిందో అక్కడికక్కడే తేలిపోతుంది.