డిగ్రీలోకి ఇంటర్న్‌షిప్ ఎలా వచ్చింది?

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీలో చేరిన బ్యాచ్‌కి ఒక కొత్త నిబంధన ఎదురైంది. బీఏ, బీకాం, బీఎస్సీ ఏది చదివినా పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. మొదటి ఏడాది అయ్యాక ఊళ్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల పని, మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ మొత్తం బయటే. అన్నిటికీ క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలో కలిసే పాయింట్లు, ఉన్నాయి. పాఠం, పని కలిసి నడవాలన్న ఈ ఆలోచన మామూలు డిగ్రీ కాలేజీ దాకా రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

1961 నాటి అప్రెంటిస్ చట్టం ఫిట్టర్లు, టర్నర్లు వంటి ట్రేడుల కోసం వచ్చింది. 1973 సవరణతో ఇంజనీరింగ్ పట్టభద్రులకీ చోటిచ్చారు. అదీ చదువు పూర్తయ్యాకే. ఆర్ట్స్, కామర్స్ పట్టభద్రుల మాట ఆ చట్టానికి 2014 సవరణ దాకా గుర్తుకు రాలేదు. అన్నేళ్లూ బీకాం కుర్రాడు ఆడిటర్ దగ్గర నేర్చుకున్న పని కాలేజీ లెక్కలోకి రానేలేదు.

అదే 1973లో రాజస్థాన్‌లోని ఇంజనీరింగ్ విద్యాసంస్థ బిట్స్ పిలానీలో, సి.ఆర్. మిత్రా డైరెక్టరుగా ఉన్నప్పుడు, ప్రాక్టీస్ స్కూల్ మొదలైంది. విద్యార్థులు రెండో ఏడాది వేసవిలో రెండు నెలలు, చివరి ఏడాది ఐదున్నర నెలలు పరిశ్రమలో ఉంటారు. వాళ్లతో పాటు అధ్యాపకుణ్నీ పంపేవారు. రోజూ పని చూసి, అడిగి, మార్కులు వేసేది ఆయనే. నా లెక్కలో అసలు కిటుకు ఇదే. కాకపోతే ఒక్క సంస్థ తన విద్యార్థులతో చేయగలిగినదాన్ని, ఒక యూనివర్సిటీ తన కింద ఉన్న వందల కాలేజీల్లో చేయడం మాటలు కాదు.

తెలుగు నేల మీద ఆ తేడా ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించింది. చివరి ఏడాది ప్రాజెక్టు సిలబస్‌లో ఉంది, కానీ చాలామందికి అది హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్ల అడ్డా అయిన అమీర్‌పేటలో దొరికే సరుకైపోయింది. కోడు, రిపోర్టు, వైవాలో చెప్పాల్సిన జవాబులు అన్నీ ఒకే ప్యాకేజీ. ఆ రోజుల్లోనే, 2005లో, ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్, సలహా సంస్థ మెకిన్సే కలిసి ఇచ్చిన నివేదిక ఒక మాట అంది: బహుళజాతి కంపెనీలకు పనికొచ్చేది ఇంజనీరింగ్ పట్టభద్రుల్లో పాతిక శాతమే. ఆ అంకె ఆ కంపెనీల అవసరాన్ని బట్టి వేసింది. మన దగ్గర మాత్రం మొత్తం చదువుకే తీర్పు అన్నట్టు దాన్ని వాడేశారు.

దానికి మందుగా వచ్చినవి జవహర్ నాలెడ్జ్ సెంటర్లు, విభజన తర్వాత తెలంగాణలో టాస్క్ అనే ప్రభుత్వ నైపుణ్య అకాడమీ, ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ. స్పోకెన్ ఇంగ్లీషు, ఆప్టిట్యూడ్, కోడింగ్ నేర్పారు. మేలు జరగలేదని అనను. కానీ అవి టైమ్‌టేబుల్‌కు పక్కన ఉన్న క్లాసులు. పాఠం చెప్పే లెక్చరర్‌కీ వాటికీ పెద్దగా సంబంధం ఉండేది కాదు.

2020 నాటి మార్పుకు విలువ అక్కడే ఉంది. పని సిలబస్ లోపలికి వచ్చింది. విద్యార్థి చేతికి ఒక లాగ్‌బుక్ ఇస్తారు. ఏ తేదీన ఏం చేశాడు, ఏం నేర్చుకున్నాడు, ఎదురుగా పర్యవేక్షించినవారి సంతకం. కాగితం మీద మంచి పద్ధతే. అయితే మార్కాపురం, పాడేరు వంటి చోట్ల ఒక్క బ్యాచ్‌కి సరిపడా సంస్థలెక్కడివి? బ్యాంకు శాఖ, ఆడిటర్ ఆఫీసు, గ్రామ, వార్డు సచివాలయం, మందుల దుకాణం... ఎంతమందిని చేర్చుకుంటాయి? పైగా మొదలైంది కోవిడ్ కాలంలో. అందుకే ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌లకు దారి ఇచ్చారు. వీడియోలు చూసి, క్విజ్ రాస్తే సర్టిఫికెట్. కొన్ని లాగ్‌బుక్కులు ఆఖరి వారంలో ఒకే పెన్నుతో నిండిపోతాయి. అవి దిద్దాల్సిన లెక్చరర్ చేతిలో తరగతులు, పరీక్షల డ్యూటీ కూడా ఉంటాయి మరి.

తెలంగాణ 2024లో వేరే దారి పట్టింది. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పెట్టి, పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రాను ఛైర్మన్‌గా తెచ్చి, కోర్సుల రూపకల్పనలో కంపెనీలకు చోటిచ్చింది. అదే ఏడాది అక్టోబరులో కేంద్రం తెచ్చిన పీఎం ఇంటర్న్‌షిప్ పథకం నెలకు 5,000 రూపాయలు, ఏడాది పాటు ఇచ్చేలా మొదలైంది. కాలేజీలో రెగ్యులర్‌గా చదువుతున్నవారు మాత్రం దానికి అర్హులు కారని అప్పుడు నిబంధన పెట్టారు. డబ్బొచ్చే అవకాశం మళ్లీ చదువయ్యాకే. డిగ్రీలో ఉండగా ఇంటర్న్‌షిప్‌కి తిరిగే పిల్లలు మాత్రం ఎక్కువగా బస్సు ఛార్జీలు ఇంటి నుంచే తెచ్చుకుంటున్నారు.