హైదరాబాద్‌లో రాయి మిగిలింది, గుట్ట పోయింది

గచ్చిబౌలి, కోకాపేట వైపు ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే ముందు బాల్కనీలోకే తీసుకెళ్తారు, వ్యూ చూడండి సార్ అంటారు. ఓ చెరువు, దూరంగా గుట్ట, దాని మీద ఎవరో పేర్చినట్టు బండలు. ఆ వ్యూ కోసం రేటు కాస్త ఎక్కువైనా సరే అనుకుంటాం. మనం నిలబడ్డ టవర్‌కి సెల్లార్ తవ్వినప్పుడు ఇలాంటి బండలే ఎన్ని కంకర అయిపోయాయో ఆ టైంలో ఎవరికీ గుర్తుకురాదు.

ఈ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల ఉన్నప్పుడే పగుళ్లలోకి నీళ్లు దిగి, అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి, తర్వాత చుట్టూ మట్టి కొట్టుకుపోయాక బయటపడి ఎలా ఉన్నవి అలాగే నిలబడిపోయాయి. అందుకే ఒకదాన్ని క్రేన్‌తో ఎత్తుకెళ్లి గేటు పక్కన లాన్‌లో పెడితే అది ఉత్త బండే, ఆ నిలబడ్డం మళ్లీ రాదు.

మొదట్లో ఇళ్లు కట్టినవాళ్లు గుట్టని బట్టి కట్టుకున్నారు. బంజారాహిల్స్‌లో అందరికంటే ముందు ఇల్లు కట్టుకున్నవాళ్లలో మెహదీ నవాజ్ జంగ్ ఒకరు, ఆయన 1930ల్లో కట్టిన ఇంట్లో బండల్ని తీసెయ్యకుండా వాటినే గోడలుగా కలుపుకున్నారు. ఆయనే తర్వాత గుజరాత్‌కి గవర్నర్ అయ్యారు. తర్వాత జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ వచ్చింది, ప్లాట్లు పడ్డాయి, అప్పుడు కూడా చాలామంది కాంపౌండ్‌లో ఓ బండని అలాగే వదిలేసి దాని చుట్టూ మెట్లు కట్టుకున్నారు. అదంతా రాళ్ల మీద ప్రేమే అనుకోనక్కర్లేదు, బండ పగలగొట్టడం అప్పట్లో అంత ఈజీ కాదు. వడ్డెరవాళ్లు వరసగా బెజ్జాలు కొట్టి, వాటిలో ఇనప మేకులు దిగ్గొట్టి, సుత్తి మీద సుత్తి వేస్తే గానీ రాయి విచ్చేది కాదు. ఇప్పటికీ సగం తెగిన బండ ఎక్కడైనా కనిపిస్తే దగ్గరికెళ్లి చూడండి, తెగిన ముఖం మీద దువ్వెన పళ్లలాగా గీతలుంటాయి, బెజ్జాలు దిగిన గుర్తులు అవి.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే ఐటీ బిల్డింగ్ ఓపెన్ అయ్యాక కథ మారిపోయింది. డ్రిల్లింగ్ మిషన్లు, జిలెటిన్, ఎర్రజెండా పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడి బండ్లు ఆపే మనిషి, దబ్ మని శబ్దం, కాసేపటికి టిప్పర్లు. మాదాపూర్ వైపు ఆ రోజుల్లో తిరిగినవాళ్లకి ఈ సీన్ కొత్తేం కాదు.

దీనికి రెండేళ్ల ముందే, 1996లో, రాళ్లని కాపాడాలని కొంతమంది కలిసి సొసైటీ టు సేవ్ రాక్స్ పెట్టారు. హుడా, అంటే అప్పటి హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ, దాని జోనింగ్ రూల్స్‌లో 1981 నుంచి రెగ్యులేషన్ 13 అని ఒకటుండేది, పాత కట్టడాల కోసం పెట్టింది, అందులోకి 9 చోట్ల ఉన్న రాళ్లని కూడా చేర్పించగలిగారు. శిల్పారామంలో బేర్స్ నోస్, ఫిల్మ్‌నగర్ దగ్గర మాన్‌స్టర్ రాక్, మౌలాలీ దగ్గర సెంటినల్ రాక్, సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో మష్రూమ్ రాక్, ఇలాగ. నిజంగా పెద్ద విజయమే అది. కానీ నా లెక్కలో తిరకాసు కూడా అక్కడే మొదలైంది, ఎందుకంటే దుర్గం చెరువు గుట్టల్లాంటి ఒకటి రెండు వదిలేస్తే లిస్టులో ఎక్కువగా ఉన్నవి విడివిడి రాళ్లే, రాయికి పేరుంది, దాని వెనకాల ఆకాశానికి పేరు లేదు. రాయిని ముట్టుకోకుండా పక్కన ఎంత ఎత్తు లేపినా రాయి భద్రంగా ఉన్నట్టే లెక్క, చూపు మాత్రం అడ్డం పడుతుంది.

ఆ ఎత్తుకి దారి 2006లో జీవో 86తో పడింది. హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ లిమిట్ తీసేశారు, అంటే ప్లాట్ సైజుకి ఇంత కట్టాలి అనే లెక్క పోయి, ముందు రోడ్డు వెడల్పెంత, చుట్టూ ఎంత ఖాళీ వదిలావు అనేదాన్ని బట్టి ఎత్తు. ఇళ్లు కావాలి కదా అంటే కావాలి, లక్షలమంది ఉద్యోగాలకి వచ్చారు, వాళ్లంతా ఎక్కడుండాలి, పైకి కడితే నేల తక్కువ పడుతుంది అనేది కూడా తప్పు వాదన కాదు. కానీ ఎత్తుకి అన్ని లెక్కలు చూసిన రూల్‌లో ఏ గుట్ట ఎక్కణ్ణుంచి కనబడాలి అనే లెక్క లేదు.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ మాత్రం కొంత ఖాళీ మిగిలింది. అదీ వ్యూ కోసం కాదు, తాగునీళ్ల కోసం. 1996 నాటి జీవో 111 ఈ రెండు జలాశయాలకి 10 కిలోమీటర్ల పరిధిలో 84 ఊళ్లలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది, 2022లో జీవో 69తో వాటిని సడలించారు.

రెగ్యులేషన్ 13ని 2015 చివర్లో ఎత్తేశారు, 2017లో దాని స్థానంలో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. ఆ తర్వాత ఈ గొడవ జనంలోకి గట్టిగా వచ్చింది 2025లో, సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు చదును చెయ్యడానికి జేసీబీలు దిగినప్పుడు. స్టూడెంట్లు రోడ్డెక్కారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. వాదనంతా చెట్లు, జింకలు, నెమళ్ల చుట్టూ నడిచింది, అది సహజమే. మష్రూమ్ రాక్ కూడా ఆ వైపే ఉంది. దానికి ఆ పాత లిస్టులోనైనా పేరుండేది, దాని పక్కనున్న పేరులేని బండలకి అది కూడా లేదు.