అమీరా హాస్ ఎవరి మనిషి? అపోహలు - వాస్తవాలు

రిపోర్టింగ్ క్లాసులో ఇజ్రాయెల్ విలేకరి అమీరా హాస్ కథనాలు చదివిస్తుంటాను. ఏ బ్యాచ్ వచ్చినా ఎవరో ఒకరు అడుగుతారు: "ఈవిడ పాలస్తీనా మనిషే కదా సార్?"

అపోహ: గాజా జనం కష్టాలు రాశారు కాబట్టి ఆమె అవతలి పక్షం.

వాస్తవం: ఆమె 1956లో జెరూసలేంలో పుట్టిన యూదు మహిళ. అమ్మానాన్నలిద్దరూ నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడ్డవాళ్లు. బెర్గెన్-బెల్సెన్ శిబిరంలో తల్లి హనా లెవీ-హాస్ రాసుకున్న డైరీ తర్వాత పుస్తకంగా వచ్చింది. అమీరా 1989లో ఇజ్రాయెల్ దినపత్రిక హారెట్జ్ డెస్కులో చేరారు. 1993లో గాజాకి మకాం మార్చారు, 1997 నుంచి వెస్ట్ బ్యాంక్‌లోని పాలస్తీనా నగరం రమల్లా. ఇజ్రాయెల్ ఆక్రమణను ఎండగట్టిన ఆమే పాలస్తీనీయుల పాలనా యంత్రాంగమైన పాలస్తీనా అథారిటీనీ, సాయుధ ఇస్లామిక్ సంస్థ హమాస్‌నీ కూడా నిలదీశారు. 2008 చివర్లో పడవ మీద గాజా వెళ్తే, అప్పుడు అక్కడ అధికారంలో ఉన్న హమాస్ భద్రత పేరు చెప్పి వెళ్లిపొమ్మంది. బయటికి రాగానే అనుమతి లేకుండా వెళ్లారని ఇజ్రాయెల్ పోలీసులు పట్టుకున్నారు. 2014లో రమల్లా దగ్గర ఉన్న పాలస్తీనా విద్యాసంస్థ బీర్‌జీత్ యూనివర్సిటీ సదస్సులో కూర్చుంటే, ఇజ్రాయెలీలకు ప్రవేశం లేదని లేపేశారు. ఇప్పుడు చెప్పండి, ఎవరి మనిషి? అధికారం ఎవరి చేతిలో ఉంటే వాళ్లమీద కన్నేసి ఉంచడమే విలేకరి పని అని ఆమె నమ్మకం.

ఈ అపోహనే ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. మండలంలో ఇసుక లారీల గురించి రాసిన కుర్రాడికీ ఇదే ముద్ర పడుతుంది. ఒక స్టూడెంట్ తండ్రి ఫోన్ చేసి, "మావాణ్ణి ఫలానా పార్టీవాడంటున్నారండీ, ఊళ్లో ఎలా తిరగాలి?" అన్నారు. గొంతు వణుకుతోంది. ఆ భయం ఉత్తది కాదు. చేతిలో కాగితం, పేరు చెప్పగల సాక్షి, అవతలివాళ్ల వివరణ... ఈ మూడూ వార్తలో ఉన్నాయో లేదో చూసుకోమనండి అన్నాను. ముద్ర వేసేవాళ్లు వేస్తూనే ఉంటారు, కానీ ఆ మూడూ ఉన్న వార్తను అబద్ధమని నిరూపించలేరు.

అపోహ: ఆమె యుద్ధ విలేకరి. బాంబుల గురించీ రాశారు, నిజమే. అయితే ఆమె అసలు పట్టు పర్మిట్లు, చెక్‌పోస్టులు, నీళ్ల మీద. పాలస్తీనీయుల రాకపోకలకు ఎవరికి వారు విడిగా పర్మిట్ తెచ్చుకోవాలని 1991 జనవరిలో ఇజ్రాయెల్ పెట్టిన నిబంధన మామూలు బతుకుల్ని ఎలా కట్టేసిందో ఏళ్ల తరబడి రాశారు.

అపోహ: విదేశీ అవార్డుల కోసం రాస్తారు. ఈ పుకారు వింటే ఒళ్లు మండుతుంది. 2003లో యునెస్కో పత్రికా స్వేచ్ఛ పురస్కారం వచ్చేనాటికే ఆమె పాలస్తీనీయుల మధ్య పదేళ్లుగా ఉంటున్నారు. రాసిందీ ముందు హీబ్రూలో, సొంత దేశంవాళ్ల కోసం. గాజా మీద ఆమె పుస్తకం 1996లో హీబ్రూలో వచ్చింది, 1999లో 'డ్రింకింగ్ ద సీ ఎట్ గాజా' పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లింది. ఆమెను ఏదో ఒక పక్షంలో కట్టేసే ముందు అది తెరిచి చూడండి.