రొయ్యల కిట్టులో గులాబీ, క్వారీ మట్టిలో గులాబీ

చీమకుర్తి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "దూదితో తుడిచి రెండు చుక్కలు వేస్తే రంగు మారుతుందట. పేలుడు పదార్థమని అంతలోనే ఎలా తేలుతుంది?"

తేలదు. తేలేదల్లా నైట్రైట్ ఉందన్న సంగతే. ఇందుకూరుపేట, కోట, వాకాడు రొయ్యల చెరువు గట్ల మీద నైట్రైట్ చూసే కిట్టులోనూ ఇదే చర్య, ఇదే గులాబీ. ఇంగ్లండులో బీరు ఫ్యాక్టరీలో పనిచేసిన పేటర్ గ్రీస్ అనే జర్మన్ 1879లో ఇచ్చిన పరీక్ష ఇది.

గ్రీస్ ద్రావణంలో ఆమ్లంతో పాటు రెండు పదార్థాలుంటాయి. వాటి అణువుల్లో పరమాణువులు చక్రాల్లా పేర్చి ఉంటాయి. సల్ఫానిలమైడ్‌ది ఒంటి చక్రం. నాఫ్తిల్ ఇథిలీన్‌డయామీన్‌ది జంట చక్రం. విడివిడిగా ఉన్నంతసేపూ రెంటికీ రంగు లేదు, ఇరుసు లేని బండి చక్రాల్లా పడి ఉంటాయి. ఆమ్లంలో నైట్రైట్ తగలగానే సల్ఫానిలమైడ్ డయాజోనియం అనే చురుకైన రూపంలోకి మారి రెండోదాన్ని పట్టుకుంటుంది. రెండు నైట్రజన్ల ఇరుసు బిగుస్తుంది. అందులో ఒక నైట్రజన్ సల్ఫానిలమైడ్ తెచ్చింది, రెండోది నైట్రైట్ తెచ్చింది. నైట్రైట్ లేకపోతే ఇరుసుకు సగం ముక్క తక్కువే! ఒక నైట్రైట్‌కు ఒక రంగు అణువు, కాబట్టి రంగు చిక్కదనాన్ని బట్టి కొలత చెప్పొచ్చు. ఇరుసు పడ్డాక ఎలక్ట్రాన్లు ఈ చక్రం నుంచి ఆ చక్రానికి తిరుగుతాయి. 540 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి, మిగిలింది మనకు గులాబీ.

పేలుడు పదార్థంలో నైట్రైట్ నేరుగా ఉండదు, రాబట్టాలి. అందుకే మూడు మచ్చలు వేస్తారు. మొదటిది ఉత్త గ్రీస్ ద్రావణంతో: ముందే ఉన్న నైట్రైట్ ఇక్కడే బయటపడుతుంది. రెండోదానికి ముందు కాస్టిక్ సోడా: నైట్రోగ్లిజరిన్, పీఈటీఎన్ విరిగి నైట్రైట్ వదులుతాయి. తర్వాత ఆమ్లం చాలినంత పడకపోతే సోడా దాన్ని తినేస్తుంది, ఇరుసు బిగియదు. మూడోదానికి జింకు పొడి: నైట్రేట్ నైట్రైట్ అవుతుంది. చిటికెడు చాలు. ఎక్కువైతే నైట్రైట్‌ను దాటి అమ్మోనియా దాకా లాక్కుపోతుంది. నైట్రేట్ దండిగా ఉన్నా మచ్చ తెల్లగానే ఉంటుంది.

పొగాకుకు క్లోరైడ్ పడదు. కాబట్టి పొటాషియం నైట్రేట్ చల్లిన కందుకూరు రైతు చేతులు తుడిస్తే మూడో మచ్చ గులాబీయే. క్వారీలో అమ్మోనియం నైట్రేట్ ముట్టినవాడిదీ అంతే. రెండో మచ్చనూ గుడ్డిగా నమ్మలేం. 1974 బర్మింగ్‌హామ్ పేలుళ్ల కేసులో గ్రీస్ పరీక్ష సాక్ష్యంగా నిలిచింది, ఆరుగురికి యావజ్జీవం పడింది. నైట్రోసెల్యులోజ్ పూత ఉన్న పేకముక్కలు కూడా అదే రంగు ఇస్తాయి, వాళ్లేమో రైల్లో పేకాడారు. 1991లో శిక్షలు రద్దయ్యాయి.

టీఎన్‌టీ దారి వేరు. పసుపునీళ్లలో సున్నం వేస్తే ఎర్రబడతాయి, నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు. దిష్టి ఎక్కడికీ పోదు గానీ బడిలో క్షారాల పాఠానికి ఇంతకన్నా మంచి మొదలు లేదు. టీఎన్‌టీ కూడా క్షారం తగిలితే ఎర్రబడుతుంది, కారణం మాత్రం ఇంకొకటి: దాని చక్రానికి ఒక అయాన్ వచ్చి అతుక్కుంటుంది. అమెరికా సైన్యపు శీతల ప్రాంతాల ప్రయోగశాల 1990 ప్రాంతంలో కుదిర్చిన పద్ధతిలో 20 గ్రాముల మట్టిని 100 మి.లీ. అసిటోన్‌లో 3 నిమిషాలు ఊపి వడగడతారు. వడగట్టినదానిలో పొటాషియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైట్ వేసి 540 నానోమీటర్ల దగ్గర రంగు చిక్కదనం కొలుస్తారు. మట్టి మరీ పొడిగా ఉంటే కాస్త నీళ్లు కలపాలి, తడి లేకపోతే రంగు రాదు. ఆర్‌డీఎక్స్‌కైతే వడగట్టినదాన్ని అయాన్లను పట్టి ఉంచే రెజిన్ గుండా పంపి మట్టిలోని నైట్రేట్, నైట్రైట్‌లను ముందే ఆపేస్తారు. ఆ తర్వాతే జింకు, ఎసిటిక్ ఆమ్లం, గ్రీస్ పొడి. కిలో మట్టిలో ఒక మిల్లీగ్రాము ఉన్నా ఈ రెండు పద్ధతులూ పట్టుకుంటాయి.

అసలు తప్పు మట్టి తీసే దగ్గరే జరుగుతుంది. ఈ పదార్థాలు గింజలు గింజలుగా రాలతాయి. అడుగు దూరంలో తీసిన రెండు దోసిళ్లలో ఒకదానిలో దండిగా ఉండి, రెండోదానిలో ఏమీ లేకపోవచ్చు. చుట్టూ చాలా చోట్ల కొద్దికొద్దిగా తీసి, బాగా కలిపి, అందులోంచి 20 గ్రాములు తూయాలి.

ప్రతిసారీ ఎవరూ ముట్టని దూదిని అవే ద్రావణాలతో పరీక్షించాలి. అది గులాబీకి తిరిగిందంటే ఆ డబ్బా దూదితో అంతవరకూ చేసినవన్నీ కొట్టేయాల్సిందే.