బెల్టు కిందికి జారిన బొజ్జ

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్ల ఫొటో వచ్చింది. ఒకరు పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్. ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. స్కానింగ్‌లో మాత్రం యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం తేలితే, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం తేలింది!

ఊబకాయం అనగానే మనకు భారీ మనుషులే గుర్తొస్తారు. సన్నటి కాళ్లూ చేతులూ, ముందుకొచ్చిన బొజ్జ ఉన్నవాళ్లను లెక్కలోకే తీసుకోం. చర్మం కింద చేతికి చిక్కే కొవ్వు కొంత నయం. పేగుల చుట్టూ పేరుకున్న కొవ్వుతోనే తంటా. అక్కడి రక్తం నేరుగా కాలేయానికే పోతుంది, కొవ్వు ఆమ్లాలనూ మోసుకెళ్తుంది. కొవ్వు పట్టిన కాలేయం ఇన్సులిన్ మాట వినదు, చక్కెర తయారీ ఆపమన్నా ఆపదు. క్లోమం మరింత ఇన్సులిన్ పోసి పోసి చివరికి చేతులెత్తేస్తుంది. అదే షుగరు. బీపీ, గుండెజబ్బు దాని వెంటే తిరుగుతుంటాయి.

యాజ్ఞిక్‌లా మనవాళ్లకు బీఎంఐ తక్కువున్నా ఒంట్లో కొవ్వు ఎక్కువ. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊబకాయానికి బీఎంఐ 30 అంటుంటే, మన డాక్టర్లు 25కే గీత గీశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆ గీత దగ్గరా పైనా ఉన్న ఆడవాళ్లు దేశంలో 24 శాతం, తెలంగాణలో 30.1, ఆంధ్రప్రదేశ్‌లో 36.3.

నడుం చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజు చూసుకుని ధీమా పడొద్దు. బొజ్జ పెరిగేకొద్దీ బెల్టు దాని కిందికి జారుతుంది, సైజు ఏళ్లతరబడి 34 దగ్గరే ఉంటుంది. టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, మామూలుగా ఊపిరి వదిలాక.

ఇక ఖర్చు. బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్ 2025 మార్చిలో మన మార్కెట్‌లోకి వచ్చినప్పుడు మొదటి డోసే 3,500 రూపాయలు. వారానికొకటి, అంటే నెలకు 14,000. మానేస్తే చాలామందికి పోయిన బరువు తిరిగొస్తుంది. ఇంత డబ్బు పోయలేనివాళ్లు షుగరు ముదిరి కిడ్నీలు చెడిపోతే డయాలసిస్ కోసం వారానికి రెండుమూడు రోజుల కూలి పోగొట్టుకుంటారు, ఆ లెక్క ఏ బిల్లులోనూ రాదు.

80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుంది. అప్పటికి బెల్టు ఒక్క రంధ్రం కూడా వెనక్కి వచ్చి ఉండకపోవచ్చు.