పిసకని బ్రెడ్డు: అపోహలు, మన వంటింటి వాస్తవాలు

న్యూయార్కులో సలివన్ స్ట్రీట్ బేకరీ నడిపే జిమ్ లేహీ పద్ధతిని 2006 నవంబరులో మార్క్ బిట్‌మన్ న్యూయార్క్ టైమ్స్‌లో రాశాక, పిసకకుండా చేసే బ్రెడ్డు ప్రపంచమంతా పాకింది. పిండి, నీళ్లు, ఉప్పు, పావు టీస్పూను ఈస్ట్ కలిపి వదిలేయాలి. 12 నుంచి 18 గంటలాగి మూత ఉన్న బరువైన గిన్నెలో కాల్చాలి. పద్ధతికి వంక పెట్టడానికేమీ లేదు. అయితే ఆ గంటలు 21 డిగ్రీల వంటింటికి లెక్కగట్టినవి, బెజవాడ వేసవికి కాదు. నా దగ్గర బేకింగ్ నేర్చుకునేవాళ్ల ఫిర్యాదులు చాలావరకు ఇక్కడే పుడతాయి.

అపోహ: రెసిపీలో రాసినన్ని గంటలూ ఉంచాల్సిందే

ఇడ్లీ పిండి సంగతి మనకెవరూ చెప్పక్కర్లేదు. డిసెంబరులో తెల్లారినా పొంగనిది, మే నెలలో అర్ధరాత్రికే గిన్నె దాటి గట్టు మీదికొస్తుంది. బ్రెడ్డు పిండి దగ్గరికొచ్చేసరికి మాత్రం అదే ఇల్లాలు గడియారం ముందు కూర్చుంటుంది! వంటింట్లో 30 డిగ్రీలు దాటితే పావు టీస్పూను ఈస్ట్‌తో కలిపిన పిండి ఐదారు గంటల్లో తయారైపోతుంది. 18 గంటలు ఉంచితే పొంగి, మధ్యలో కుంగి, నీళ్లొదిలేస్తుంది. అది కాలిస్తే వచ్చేది పుల్లటి రొట్టె.

చూడాల్సింది పిండిని. రెట్టింపు అయిందా, పైన బుడగలు కనిపిస్తున్నాయా, గిన్నె కదిపితే ఒళ్లంతా ఊగుతోందా, మూత తీస్తే లేతకల్లు వాసన వస్తోందా? అయితే ఇక ఆగనక్కర్లేదు. వాసన ముక్కులో గుచ్చుకుంటే ఆలస్యమైనట్టే.

ఎండాకాలంలో నేను ఫ్రిజ్ నీళ్లతో కలుపుతాను. గంటసేపు బయట ఉంచి, మూతపెట్టి ఫ్రిజ్‌లోకి తోసేస్తాను. మర్నాడు కాల్చవచ్చు, ఆ తర్వాతి రోజైనా సరే. చల్లగా, నిదానంగా పులిసిన పిండికి రుచి ఎక్కువ.

అపోహ: పిసక్కపోతే గుల్లగా రాదు

గోధుమలోని గ్లూటెనిన్, గ్లయాడిన్ అనే ప్రొటీన్లు నీళ్లు తగలగానే ఒకదాన్నొకటి పట్టుకుని గ్లూటెన్ అవుతాయి, అంటే గాలి బుడగల్ని పట్టి ఉంచే సాగే వల. పిసికితే ఆ పని తొందరగా అవుతుంది, అంతే. నీళ్లు ధారాళంగా పోసి, సమయం ఇస్తే దానంతటదే జరిగిపోతుంది. ఈస్ట్ వదిలే గాలి బుడగలు కూడా ఉబ్బుతూ పిండిని లోపలి నుంచి సాగదీస్తాయి. కలిపిన వెంటనే ముద్ద గరుకుగా, చిరుగులు చిరుగులుగా ఉంటుంది. నాలుగైదు గంటలాగి తడిచేత్తో అంచు పట్టి పైకి లాగండి. తెగకుండా సాగుతుంది, ఆ పల్చటి పొరలోంచి వెలుతురు కనిపిస్తుంది.

మన మైదాలో ప్రొటీన్ తరచు తక్కువే ఉంటుంది. ప్యాకెట్ వెనక చూసి, 100 గ్రాములకు 11 గ్రాములో ఇంకా ఎక్కువో ఉన్నది తెచ్చుకోండి. దొరక్కపోతే మొదటి గంటలో రెండుసార్లు నాలుగు అంచులూ లాగి మధ్యలోకి మడవండి. అరనిమిషం పని.

అపోహ: జారుగా ఉందంటే నీళ్లు ఎక్కువైనట్టే

"మేడం, జావలా అయిపోయింది, ఇంకో కప్పు మైదా పోశాను" అని ఫొటో పంపుతారు. చపాతీ ముద్దకు అలవాటుపడిన చేతులు కదా! ఈ పిండి చేతికి అంటుకోవాలి. ఆ నీళ్లే గ్లూటెన్‌ను కలుపుతాయి, ఆ నీళ్లే గిన్నెలో ఆవిరవుతాయి. అయితే బయటి దేశాల రెసిపీల్లో నూరు గ్రాముల పిండికి 75 గ్రాముల నీళ్లుంటే, మన మైదా అన్ని తాగలేక పరుచుకుపోతుంది. 400 గ్రాముల మైదాకు 280 గ్రాముల నీళ్లు, 8 గ్రాముల ఉప్పు, ఇదీ నా కొలత. అన్నీ తూకం వేసినవే. కప్పులతో కొలిస్తే ఒక్కొక్కరి కప్పు ఒక్కో లెక్క. అంటుకుంటుంటే పిండి చల్లకుండా చేతులు తడుపుకోండి.

అపోహ: ఈస్ట్ ఎక్కువ వేస్తే ఎక్కువ పొంగుతుంది

తొందరగా పొంగుతుంది, తొందరగా కుంగుతుంది, ఈస్ట్ వాసన కొడుతుంది. పొంగకపోతే సాధారణంగా తప్పు కొలతలో ఉండదు, ఈస్ట్ చచ్చిపోయి ఉంటుంది. తెరిచిన ప్యాకెట్ మన ఎండల్లో అల్మరాలో ఉంటే ఎన్నాళ్లో బతకదు. గాలి చొరని డబ్బాలో వేసి డీప్ ఫ్రీజర్లో పెట్టండి.

ఇంకొన్ని, టూకీగా

చక్కెర లేకపోతే ఈస్ట్ లేవదంటారు. పిండిలోని ఎంజైములే పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టి దానికి మేత వేస్తాయి. ఉప్పు ఈస్ట్‌ను చంపేస్తుందన్నదీ తప్పే. పిండిలో రెండు శాతం ఉప్పు ఈస్ట్‌ను కాస్త నెమ్మదింపజేస్తుంది, మన వేడికి అది మంచిదే. చంపేవి సలసల కాగే నీళ్లు.

ఈస్ట్ మాంసాహారమా అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. అది ఒక శిలీంధ్రం, పుట్టగొడుగుల దూరపు చుట్టం. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూపించండి.

పులిసింది కాబట్టి గ్లూటెన్ పోయిందనుకోవద్దు. గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్నవాళ్లు ఈ బ్రెడ్డు తినకూడదు.

అపోహ: మైదా బదులు అంతా గోధుమపిండే వేస్తే ఆరోగ్యం, రుచీ రెండూ వస్తాయి

బ్రెడ్డు వస్తుంది గానీ ఇటుకలా వస్తుంది. తవుడు ముక్కలు గ్లూటెన్ పొరల్ని తెంపేస్తాయి. చక్కీలో ఆడిన పిండి నీళ్లు కూడా ఎక్కువ పీలుస్తుంది. మొదట సగం సగం వేసి, నీళ్లు కాస్త పెంచండి, చేయి తిరిగాక గోధుమపిండి వంతు పెంచుకోవచ్చు. రాగి, జొన్న పిండుల్లో గ్లూటెనే లేదు, ఐదో వంతు మించనివ్వకండి. బజారు 'బ్రౌన్ బ్రెడ్డు' రంగు చూసి మురిసిపోయేవాళ్లు ఒకసారి పదార్థాల జాబితా చదవండి. మొదటి పేరు మైదా, చివర్లో కారమెల్ రంగు, చాలాసార్లు ఇదే కథ.

అపోహ: ఖరీదైన డచ్ ఓవెన్ లేనిదే కాదు

డచ్ ఓవెన్ అంటే మూత ఉన్న బరువైన ఇనుప గిన్నె. మనకు కావాల్సింది ఆవిరిని పట్టి ఉంచే బరువైన గిన్నె. ఇనుప గిన్నె, మందపాటి అడుగున్న స్టీలు గిన్నె, ఏదైనా సరే. పిడికి ప్లాస్టిక్ ఉండకూడదు, నాన్‌స్టిక్ వద్దు. మూతతో సహా ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్‌లో) పడుతుందో లేదో ముందే చూసుకోండి. 230 డిగ్రీల దగ్గర ఖాళీ గిన్నెను అరగంట కాగనివ్వాలి. తర్వాత ముద్ద వేసి మూతతో అరగంట, మూత తీసి మరో పావుగంట. మొదట్లో ఆవిరి పైపొరను తడిగా ఉంచుతుంది కాబట్టే ముద్ద హాయిగా పొంగుతుంది, ఆ తర్వాతే పెచ్చు గట్టిపడి ఎర్రబడుతుంది.

ఒక జాగ్రత్త. బటర్ పేపరూ బేకింగ్ పేపరూ ఒకటి కావు. బటర్ పేపర్ ఈ వేడికి అంటుకుపోతుంది, మాడిపోతుంది. నేను గిన్నె అడుగున ఇంత బొంబాయి రవ్వ చల్లుతాను, అంతే.

అపోహ: వేడివేడిగా కోస్తేనే మజా

అప్పుడే తీసిన బ్రెడ్డు లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. కోస్తే కత్తికి జిగురు అంటుకుంటుంది, ముక్క అణిగిపోతుంది. గంటసేపు జల్లెడ మీద ఆరనివ్వండి. పిల్లలు ఊరుకోకపోతే చివరి ముక్క ఇచ్చి పంపించండి.

మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే బయటికన్నా తొందరగా గట్టిపడుతుంది. అలాగని విశాఖ ఉక్కపోతలో బయట వదిలేస్తే రెండు మూడు రోజులకే బూజు. ముక్కలుగా కోసి, కవర్లో మూటగట్టి డీప్ ఫ్రీజర్లో వేయండి. కావాలన్నప్పుడు ముక్క తీసి, కరిగేదాకా ఆగకుండా నేరుగా పెనం మీద కాల్చుకోవచ్చు.